గ్రౌండ్‌కు పోనంటే.. తప్పెవరిది?

ఫీజు కట్టారు. కిట్టు కొన్నారు. తెల్లవారకముందే లేపి ఇరవై కిలోమీటర్లు తీసుకొచ్చారు. తీరా చూస్తే కోచ్ సరిగ్గా నేర్పడం లేదు. ఏమన్నా అంటే పిల్లాణ్ని పక్కన పెడతాడేమోనన్న భయం. ఏమీ అనకపోతే పిల్లాడే ఆట మానేస్తాడేమోనన్న బెంగ. చేవెళ్ల, మొయినాబాద్ మైదానాల చుట్టూ వారం వారం నలుగుతున్న ఈ సందేహానికి జవాబు వెతికితే...

ఆదివారం పొద్దున్నే అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల రోడ్డెక్కే కార్లలో కొన్ని చిలుకూరు బాలాజీ దగ్గరికి, ప్రదక్షిణలకు పోతాయి. మరికొన్ని ఊళ్ల పక్కనున్న గ్రౌండ్లకు మళ్లుతాయి. వాటి డిక్కీల్లో బ్యాట్లు, ప్యాడ్లు, రాకెట్లు. వెనక సీట్లో నిద్ర తీరని పిల్లలు. కోకాపేట, నార్సింగి, అత్తాపూర్, మెహిదీపట్నం నుంచి వచ్చే ఇలాంటి ఇళ్లలో వారాంతం అంటే ఇప్పుడు ఆటే.

మొయినాబాద్ చుట్టుపక్కల ఇంత ఖాళీ జాగా మిగలడానికి ఒక కారణం జంట జలాశయాలు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడేందుకు 1996 మార్చి 8న వచ్చిన జీవో 111, వాటి చుట్టూ ఉన్న 84 గ్రామాల్లో నిర్మాణాలకు కళ్లెం వేసింది. నగరం నలువైపులా అపార్ట్‌మెంట్లు లేస్తున్నా ఇక్కడ తోటలు, ఫామ్‌హౌస్‌లు, మైదానాలు నిలిచాయి. సానియా మీర్జా తన టెన్నిస్ అకాడమీని 2013లో ఈ మండలంలోని ముర్తుజాగూడలోనే మొదలుపెట్టారు. ప్రపంచస్థాయి క్రీడాకారులు సొంత అనుభవంతో నడిపే అకాడమీల సంగతి వేరు. నగరం అంచున నాలుగు నెట్లు కట్టి, ఒక టర్ఫ్ పరిచి, గేటుకు 'అకాడమీ' అని రాసుకోవాలంటే మాత్రం ఏ పరీక్షా పాసవ్వనక్కర్లేదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఈ కథనం ఏ ఒక్క గ్రౌండు మీదా ఫిర్యాదు కాదు. ఇండియా జెర్సీ వేయాలని కాకుండా చెమట పట్టాలని, స్నేహితులు దొరకాలని, ఫోన్ పక్కన పెట్టాలని మైదానానికి పంపిన పిల్లల గురించి. వాళ్లకు చెడ్డ కోచ్ తగిలితే అమ్మానాన్నలు ఏం చేయగలరన్నదాని గురించి.

నేర్పుతున్నాడో లేదో గడియారమే చెబుతుంది

క్రికెట్ తెలియని తల్లికి కూడా లెక్క తెలుసు. ఒక బ్యాచ్‌లో 24 మంది పిల్లలు, రెండు నెట్లు, గంటన్నర సమయం అనుకుందాం. వార్మప్‌కు 20 నిమిషాలు పోతే మిగిలేది 70 నిమిషాలు. రెండు నెట్లకూ కలిపి 140. దాన్ని 24 మందికి పంచితే ఒక్కొక్కరికి బ్యాటింగ్ దక్కేది ఆరు నిమిషాల లోపే. మిగతా గంటకు పైగా పిల్లాడు ఏం చేస్తున్నాడు? బౌలింగ్, ఫీల్డింగ్, క్యాచ్‌లు, పరుగు.. ఏదో ఒక పని ఉంటే అది కోచింగ్. రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు ప్యాడ్లు కట్టుకుని వంతు కోసం నిలబడి ఉంటే, మీరు ఫీజు కట్టింది క్యూకు.

ఆట ఏదైనా చెడ్డ కోచింగ్ పోలికలు ఇంచుమించు ఇవే. కోచ్ చేతిలో ఫోన్ దిగదు. తప్పు చేస్తే అరుస్తాడు కానీ ఎలా సరిచేసుకోవాలో చూపించడు. శిక్షగా గ్రౌండ్ చుట్టూ రౌండ్లు కొట్టిస్తాడు. దాంతో పరుగంటే ఒంటికి మంచిదన్న సంగతి పోయి, పరుగంటే అవమానమన్న భావం పిల్లాడిలో మిగులుతుంది. బాగా ఆడే ఐదుగురి పేర్లు తెలుసు, మిగతావాళ్లందరూ 'అరే, నువ్వే'. మ్యాచ్ రోజు ఆ ఐదుగురే బ్యాటింగ్, ఆ ఐదుగురే బౌలింగ్. మిగిలినవాళ్లకు ఫైన్ లెగ్ నుంచి లాంగాన్‌కు నడక.

ఇంకోటుంది. మెత్తగా మాట్లాడుతూనే చేసే నష్టం. "మీవాడిలో విషయం ఉంది, పర్సనల్ కోచింగ్ పెట్టించండి, లీగ్ ఆడిస్తా" అన్న మాట. జట్టు ఎంపిక చేసేవాడే విడిగా డబ్బు తీసుకుని ప్రత్యేక తరగతులు చెబుతుంటే, అక్కడ ప్రతిభ ఎంత, ఫీజు ఎంత అన్నది పిల్లలకే ముందు అర్థమవుతుంది. పెద్దలకు చెప్పరంతే. వయసు ఒకట్రెండేళ్లు తగ్గించి సర్టిఫికెట్ తెమ్మనే సలహా కూడా ఈ బాపతే. అండర్-16 స్థాయిలో బీసీసీఐ ఎముకల ఎక్స్‌రేతో వయసు తేలుస్తుంది. ఆ అబద్ధం అక్కడిదాకా వెళ్లినా పట్టుబడేది కోచ్ కాదు, పిల్లాడు.

ఫీజు దేనికి కడుతున్నాం?

2025 ఫిబ్రవరిలో పుల్లెల గోపీచంద్ ఒక మాట అని కలకలం రేపారు. డబ్బున్న ఇల్లో, కుటుంబ వ్యాపారమో లేకపోతే పిల్లల్ని క్రీడల్లోకి పంపొద్దని తల్లిదండ్రులకు తాను చెబుతానన్నారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ఆటగాడు, 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచి సైనాకు, సింధుకు ఒలింపిక్ పతకాల దారి చూపిన గురువు ఆ మాట అనడం చాలామందికి మింగుడు పడలేదు. ఆయన మాట్లాడింది ఆటను బతుకుదెరువుగా ఎంచుకోవడం గురించి. చదువు వదిలి ఆటనే నమ్ముకున్న వేలమందిలో పైకొచ్చేది కొద్దిమందే, మిగిలినవాళ్ల గతేమిటన్నది ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్నను వారాంతపు తల్లిదండ్రులు తమకు అన్వయించుకోవాలి. మీ పాప ఆటతో ఉద్యోగం సంపాదించకపోతే, ఈ ఫీజుకు ప్రతిఫలం ఏమిటి? ఆరోగ్యం. గెలుపోటములను తట్టుకునే గుణం. నలుగురితో కలిసి పనిచేయడం. అన్నిటికీ మించి, ముప్పై ఏళ్ల వయసులోనూ సాయంత్రం రాకెట్ పట్టుకుని బయటికి వెళ్లే అలవాటు. వీటిలో ఏ ఒక్కటీ ట్రోఫీల అరలో కనిపించదు. అందుకే కోచ్‌ను ట్రోఫీలతో కొలవడం మొదటి పొరపాటు. కొలవాల్సింది ఒకటే. ఈ కోచ్ దగ్గర ఆడిన పిల్లలు వచ్చే ఏడాది మళ్లీ ఆడుతున్నారా?

ఈ కొలతకు రుజువు కూడా ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ స్మాల్, రొనాల్డ్ స్మిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు సియాటిల్ ప్రాంతపు పిల్లల బేస్‌బాల్ లీగుల్లో ఏళ్ల తరబడి కోచ్‌లను గమనించారు. కొందరు కోచ్‌లకు సీజన్‌కు ముందు చిన్న శిక్షణ ఇచ్చారు. ప్రయత్నాన్ని మెచ్చుకోండి, తప్పు చేసినప్పుడు ముందు ధైర్యం చెప్పండి, ఆ వెంటనే ఎలా సరిచేసుకోవాలో చూపించండి, శిక్షలు మానండి అన్నదే అందులోని సారం. 1992లో వాళ్లు ప్రచురించిన ఫలితం ఇది: శిక్షణ పొందని కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో తర్వాతి ఏడాది 26 శాతం మంది ఆటకు రాలేదు. శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర మానేసింది 5 శాతమే. జట్ల గెలుపోటముల్లో మాత్రం తేడా లేదు. అంటే పిల్లలు నిలిచింది గెలిచినందుకు కాదు, మైదానంలో తమతో మనిషిగా మెలిగినందుకు.

కఠినంగా ఉంటేనే చాంపియన్లా?

ఇక్కడ ఒక వాదన తప్పకుండా వస్తుంది. "గోపీచంద్ సింధు ఫోన్ లాక్కోలేదా? కఠినంగా ఉంటేనే కదా పతకం" అని. నిజమే, 2016 రియోకు ముందు మూడు నెలలు సింధు చేతిలో ఫోన్ లేదు. కానీ అప్పటికి ఆమెకు 21 ఏళ్లు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రెండు కాంస్యాలు గెలిచిన ప్రొఫెషనల్. గురువుకూ శిష్యురాలికీ గురి ఒకటే, ఇష్టపడి ఒప్పుకున్న నియమం అది. ఆదివారం పొద్దున గంటన్నర ఆడుకోవడానికి వచ్చిన ఎనిమిదేళ్ల పిల్ల మీద ఆ నియమాలు రుద్దితే వచ్చేది పతకం కాదు, ఏడుపు.

గొప్పవాళ్ల తొలి గురువులు ఎలా ఉన్నారో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం పరిశీలించింది. ఒలింపిక్ ఈతగాళ్లు, టెన్నిస్ ఆటగాళ్లు, పియానో కళాకారులు, గణితవేత్తలు వంటి 120 మంది జీవితాలను చదివి 1985లో పుస్తకంగా తెచ్చింది. వాళ్లలో చాలామంది మొదటి గురువులు పెద్ద నిపుణులేమీ కాదు. ఓపికగలవాళ్లు, ఆప్యాయంగా ఉన్నవాళ్లు. ఆ పని మీద పిల్లలకు ఇష్టం పుట్టించారు. కఠిన సాధన, నిపుణులైన గురువులు ఆ తర్వాతి మెట్లు.

మన దగ్గరే మిథాలీ రాజ్ ఉన్నారు. పొద్దున్నే లేచే అలవాటు కావాలని తండ్రి దొరైరాజ్ ఆమెను అన్నతో పాటు సికింద్రాబాద్‌లో క్రికెట్ శిక్షణకు తీసుకెళ్లేవారు. అక్కడి కోచ్ జ్యోతిప్రసాద్ ఆ చిన్నపిల్ల బ్యాట్ పట్టిన తీరు చూసి, అమ్మాయిలకు నేర్పుతున్న సంపత్‌కుమార్ దగ్గరికి పంపమని సలహా ఇచ్చారు. ఆ పిల్లను తన దగ్గరే అట్టిపెట్టుకోవాలనుకోలేదు. ఈ పిల్లకు నాకంటే ఫలానావాళ్లు మేలు అని చెప్పగలగడం మంచి తొలి కోచ్‌కు గీటురాయి.

శరీరం విషయంలోనూ అతి పనికిరాదు. ఒకే ఆటకు పరిమితం కావడాన్ని 15, 16 ఏళ్ల దాకా వాయిదా వేయడం మేలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో సూచించింది. వారంలో ఒకట్రెండు రోజులు, ఏడాదిలో మొత్తం మూడు నెలలు ఆ ఆటకు విరామం ఉండాలంది. పదేళ్ల పిల్లాడితో వారంలో ఏడు రోజులూ బౌలింగ్ వేయించి "డెడికేషన్" అంటున్నారంటే, రేపటి వెన్నునొప్పికి ఈరోజే అడ్వాన్సు కడుతున్నట్టు. నార్వే 1987లోనే పిల్లల క్రీడలకు నియమాలు రాసుకుంది. పదకొండో ఏడు వచ్చేదాకా అక్కడ పాయింట్ల పట్టికలు, ర్యాంకులు ఉండవు. అర కోటికి కాస్త మించిన జనాభా ఉన్న ఆ దేశం 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో అందరికంటే ముందు నిలిచింది. చిన్నప్పుడు స్కోరు పక్కన పెట్టినంత మాత్రాన చాంపియన్లు కరవవరు.

చట్టం ఆగిపోయిన చోట

మరి కోచ్ సరిగ్గా లేకపోతే అడిగేదెవరు? కోచింగ్ సెంటర్లపై కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు విడుదల చేసింది. రిజిస్ట్రేషన్, బోధించేవాళ్ల అర్హత, మధ్యలో మానేస్తే మిగిలిన ఫీజు వాపసు వంటివన్నీ అందులో ఉన్నాయి. కానీ కోచింగ్ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే క్రీడలు, నృత్యం, నాటకం దీని కిందికి రావని రాసేశారు. 2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం సురక్షిత క్రీడల విధానం గురించి మాట్లాడింది. అయితే దాని చూపు ప్రధానంగా జాతీయ క్రీడా సమాఖ్యల మీద. ఊరి చివర టర్ఫ్ దాకా ఆ చూపు ఆనదు.

అలాగని తల్లిదండ్రుల చేతులు పూర్తిగా ఖాళీ కాదు. పటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ, మనం ఎన్‌ఐఎస్ అని పిలిచేది, కోచ్‌లకు డిప్లొమా, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సులు నడుపుతోంది. క్రికెట్‌కు బీసీసీఐ లెవెల్ కోర్సులు, ఫుట్‌బాల్‌కు ఏఐఎఫ్ఎఫ్ లైసెన్సులు ఉన్నాయి. రంజీ ఆడాననో, జాతీయ స్థాయికి వెళ్లాననో చెప్పడం ఒకటి, పిల్లలకు నేర్పడం నేర్చుకోవడం మరొకటి. ఆ రెండో కాగితం చూపమని అడగడం అమర్యాదేమీ కాదు.

డబ్బు తగాదా అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. చెప్పిన కోచ్ రాకపోయినా, చెప్పినన్ని తరగతులు జరగకపోయినా అది సేవాలోపం కిందికి వస్తుంది. 1915కు ఫోన్ చేయొచ్చు. జిల్లా కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే, కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉన్న కేసులకు ఫీజు లేదు. రశీదు ఉండాలి. చేతికి నగదు ఇచ్చి, వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు అందుకుంటే సరిపోదు.

గొడవ కాకుండా అడగడం

చాలా ఇళ్లలో జరిగేది రెండే. అయితే మౌనం, లేకపోతే పేలిపోవడం. కోచ్‌ను 'సార్' అంటాం, గురుస్థానంలో నిలబెడతాం. ఫీజు కట్టే సేవ అని మర్చిపోతాం. నెలల తరబడి కడుపులో పెట్టుకుని, ఒక మ్యాచ్‌లో పిల్లాడికి బ్యాటింగ్ రాకపోతే బౌండరీ దగ్గరే అందరి ముందూ బద్దలవుతాం. ఆ అవమానం మోసేది తర్వాతి వారం గ్రౌండ్‌కు వెళ్లాల్సిన పిల్లాడే.

ముందు రెండు మూడు తరగతులు కూర్చుని చూడండి. కారులో ఫోన్ చూసుకుంటూ కాదు, మైదానం చూస్తూ. మీ పిల్లాణ్ని మాత్రమే కాదు, అందరికంటే వెనకబడిన పిల్లాణ్ని కోచ్ ఎలా చూస్తున్నాడో గమనించండి. అతని అసలు పనితనం అక్కడ బయటపడుతుంది. తర్వాత పిల్లాడితో మాట్లాడండి. "ఎన్ని కొట్టావ్?" అని కాదు, "ఇవాళ కొత్తగా ఏం చెప్పిండు సార్?" అని. వరుసగా కొన్ని వారాలు "ఏం లేదు" అన్న జవాబే వస్తుంటే అదే మీ రుజువు.

మాట్లాడాల్సింది మ్యాచ్ రోజున కాదు. ఒకట్రెండు రోజులాగి, పిల్లలు లేనప్పుడు, విడిగా. "మీరు నేర్పడం లేదు" అంటే తలుపు మూసుకుంటుంది. "సార్, మావాడు నెట్స్‌లో ఎక్కువసేపు ఖాళీగా నిలబడుతున్నడు, ఆ టైములో ఏదైనా డ్రిల్ ఇస్తరా?" అంటే ఆయన చేయగలిగిన పని ఒకటి చేతికిచ్చినట్టు. జట్టులో ఎందుకు తీసుకోలేదన్నది అడగదగ్గ ప్రశ్న కాదు. జట్టులోకి రావాలంటే ఏం మెరుగుపరుచుకోవాలన్నది అడగదగ్గది. కొంతమంది కోచ్‌లు మారతారు. చాలామంది తమకు ఎవరూ నేర్పక తెలియనివాళ్లే, చెడ్డవాళ్లు కాదు. చిన్న జీతానికి రోజుకు నాలుగు బ్యాచ్‌లు చూసే కుర్రాడి మీద కోపం కంటే, ఒక్క బ్యాచ్‌లో 24 మందిని చేర్చుకున్న యజమానిని అడగడమే న్యాయం.

మారకపోతే మీలాంటి మరో ముగ్గురు నలుగురు తల్లిదండ్రులతో కలిసి, రాతపూర్వకంగా యాజమాన్యానికి చెప్పండి. ఒక్కరు అడిగితే 'ఆ పేరెంట్‌తో తలనొప్పి' అంటారు. నలుగురు అడిగితే అది నాలుగు ఫీజులు. అప్పటికీ కాకపోతే మానిపించండి. కట్టిన డబ్బు వృథా అవుతుందని పిల్లాణ్ని ఇంకో ఆరు నెలలు అదే గ్రౌండ్‌లో ఉంచితే, డబ్బుతో పాటు ఆట మీద ఇష్టం కూడా పోతుంది. మానిపించేది ఆ కోచింగ్‌ను, ఆటను కాదని పిల్లాడికి స్పష్టంగా చెప్పండి.

ఇక్కడ ఓపిక పనికిరాదు

పైదంతా పనితనం లేని కోచింగ్ గురించి. ప్రమాదకరమైన కోచింగ్ వేరు. కొట్టడం, కులం, రంగు, శరీరం మీద వెటకారాలు, ఎండలో నీళ్లు తాగనివ్వకపోవడం, ఉరుములు మెరుపుల్లో మైదానంలో ఉంచడం, లైఫ్‌గార్డ్ లేకుండా ఈత. వీటికి రెండో అవకాశం ఇవ్వనక్కర్లేదు. ఆ రోజే పిల్లల్ని తీసుకుని బయటికి రావాలి.

కోచ్ పిల్లలకు రాత్రిళ్లు విడిగా మెసేజ్‌లు పెట్టడం, ఒంటరిగా కారులో దింపుతాననడం, తలుపేసిన గదిలో 'ఫిజియో' చేయడం, "ఇంట్లో చెప్పకు" అనడం.. వీటిలో ఏది కనిపించినా అప్రమత్తం కావాలి. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్ లారీ నాసర్ వందలాది అమ్మాయిలను వేధించాడు. కొన్నిసార్లు తల్లిదండ్రులు అదే గదిలో ఉండగానే. అతని పేరుప్రఖ్యాతులే వాళ్ల కళ్లకు గంతలు కట్టాయి. మన దగ్గర 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు, జరగొచ్చని అనుమానించినవాళ్లు పోలీసులకు చెప్పాల్సిందే. తెలిసీ చెప్పకపోవడం నేరం. సంస్థ పరువు, పాప భవిష్యత్తు అంటూ సర్దిచెప్పే హక్కు అకాడమీకి లేదు. 1098కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయొచ్చు.

చేవెళ్ల బడిపిల్లల సంగతి

కార్లలో వచ్చేవాళ్లకు ఒక అకాడమీ నచ్చకపోతే ఇంకోటి ఉంది. కూరగాయలు, పూలు పండించి నగరానికి పంపే చేవెళ్ల మండలం ఊళ్లలో పిల్లలకు కోచ్ అంటే బడిలో పీఈటీ సారే. ఆదివారం పొద్దున మైదానం పక్కన కూర్చునే తీరిక ఆ తల్లిదండ్రులకు ఉండదు. పూలు, కూరలు మార్కెట్‌కు చేరాల్సిన వేళ అది. 2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. బోర్డు, కోర్టు, స్తంభాలు వచ్చినా ఆడించే మనిషి లేకపోతే మైదానం మైదానంగా నిలవదు.

విచిత్రమేమిటంటే, చట్టపరంగా ఈ తల్లిదండ్రులకే ఎక్కువ హక్కులున్నాయి. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం తప్పనిసరి చేసింది. 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అది పాఠాల పీరియడ్‌కే కాదు, ఆటల పీరియడ్‌కూ వర్తిస్తుంది. 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. ఆ కమిటీ సమావేశంలో మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం గురించి అడిగినట్టే ఆటల పీరియడ్ జరుగుతోందా, అమ్మాయిల్ని ఆడిస్తున్నారా అని కూడా అడగొచ్చు. వేలకు వేలు ఫీజు కట్టే అకాడమీల్లో తల్లిదండ్రులకు అలాంటి కుర్చీ ఒక్కటీ లేదు.

బౌండరీ అవతలి కోచ్

చివరగా ఒక చేదు మాట. చాలామంది పిల్లలకు తగిలే చెడ్డ కోచ్ ఇంట్లోనే ఉంటాడు. బౌండరీ బయటి నుంచి "ముందుకొచ్చి ఆడరా" అని అరిచే నాన్న, తీసుకున్న క్యాచ్‌ను వదిలేసి జారిన క్యాచ్‌నే వీడియో తీసే అమ్మ, ఇంటికి తిరిగొచ్చే దారంతా కారులో సాగే పోస్ట్‌మార్టం. కోచ్ ఒకటి చెబుతాడు, నాన్న ఇంకోటి చెబుతాడు, యూట్యూబ్ మూడోది చెబుతుంది. ముగ్గురు గురువుల మధ్య పిల్లాడు అసలు బంతినే చూడటం మానేస్తాడు.

తిరుగుదారిలో పిల్లాణ్ని ఆట గురించి మాట్లాడనివ్వండి, లేదా మాట్లాడకుండా ఉండనివ్వండి. "మజా వచ్చిందా?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

ఫీజు కట్టేముందు

• కోచ్ పేరు, కోచింగ్ అర్హత ఏమిటి? ప్రకటనలో ఫొటో ఉన్నవాళ్లే రోజూ వస్తారా?
• ఒక కోచ్‌కు ఎంతమంది పిల్లలు?
• తల్లిదండ్రులు కూర్చుని చూడొచ్చా? వద్దంటే అక్కడే ఆగిపోండి.
• తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె, అమ్మాయిలకు మరుగుదొడ్డి ఉన్నాయా?
• నెలవారీ ఫీజు కట్టొచ్చా? ఏడాది మొత్తం ముందే కట్టమంటే వాపసు నియమం కాగితం మీద ఉందా?
• మ్యాచ్‌ల్లో అందరికీ ఆడే అవకాశం ఇస్తారా?

ఇవన్నీ అడిగాక ఇంకొక్కటి అడగండి. "సార్, పోయిన ఏడాది ఈ బ్యాచ్‌లో ఉన్న పిల్లల్లో ఎంతమంది ఈ ఏడాది మళ్లీ వచ్చారు?" కప్పుల సంఖ్య గోడ మీద ఉంటుంది కాబట్టి ఎవరైనా చదివి చెబుతారు. ఈ లెక్క చెప్పాలంటే మాత్రం కోచ్‌కు పిల్లల పేర్లు తెలిసి ఉండాలి. ఎవరు వచ్చారో, ఎవరు మానేశారో, ఎందుకు మానేశారో గుర్తుండాలి. ఆ జవాబు తడుముకోకుండా చెప్పగలిగినవాడికి మీ ఫీజు నిశ్చింతగా ఇవ్వండి.